రెండు కోర్లు, ఒకే స్విచ్చు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబు రాస్తున్నాను. మూడూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: కాయిల్‌లోకి వెళ్ళే కరెంటును చిప్ చేత ఎలా అదుపు చేయించాలి అని. ఈ శీర్షిక కొత్తగా చదివేవారికి ఒక మాట. నేను బెంగుళూరులో 11 ఏళ్ళు ఇంజిన్ కంట్రోల్ బోర్డులు పరీక్షించే పని చేశాను. అమ్మకి ఒంట్లో బాగుండక పర్లాకిమిడి తిరిగి వచ్చేశాను. నాన్నగారి మోటారు వైండింగ్ షాపు ముందు గదిలో కూర్చుని ఈ జవాబులు రాస్తుంటాను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను డిప్లొమా రెండో సంవత్సరం. ఒడియా మీడియంలో చదివాను, తెలుగు రాయడం అమ్మమ్మ నేర్పింది. తప్పులుంటే క్షమించండి. మైక్రోకంట్రోలర్ పిన్ నుంచి మాస్‌ఫెట్‌కి నేరుగా వైరు ఇచ్చినా ఎల్ఈడీ వెలుగుతోంది, చిన్న మోటారు తిరుగుతోంది. మరి గేట్ డ్రైవర్ అని ఇంకో చిప్ ఎందుకు?
– విద్యార్థిని, రాయగడ

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో క్షమించాల్సిన తప్పు ఒక్కటీ లేదు. వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. నువ్వు ఎలా మాట్లాడతావో అలాగే రాయి, నాకు అదే ఇష్టం. మీ అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇక నీ ప్రశ్న. మాస్‌ఫెట్ అంటే కరెంటును ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టరు స్విచ్చు. దాన్ని అదుపు చేసే కాలు గేటు, అది ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. అది నిండితే స్విచ్చు ఆన్, ఖాళీ అయితే ఆఫ్. ఒక మోస్తరు పవర్ మాస్‌ఫెట్ గేటు నిండడానికి 50 నానోకూలుంబుల చార్జి కావాలనుకో. నీ మైక్రోకంట్రోలర్ పిన్ 20 మిల్లీఆంపియర్లు ఇస్తే ఆ గేటు నిండేసరికి 2.5 మైక్రోసెకన్లు పడుతుంది. అర ఆంపియర్ ఇచ్చే గేట్ డ్రైవర్ అదే పనిని 0.1 మైక్రోసెకనులో చేస్తుంది. నిండీ నిండని ఆ మధ్య సమయంలోనే మాస్‌ఫెట్ వేడెక్కుతుంది. 12 వోల్టుల లైను మీద 10 ఆంపియర్లు పారుతుంటే, సగం తెరిచిన క్షణంలో దాని మీద 6 వోల్టులు నిలుస్తాయి. అంటే ఆ క్షణానికి 60 వాట్లు. ఎల్ఈడీని రోజుకి నాలుగుసార్లు వేసి తీస్తే ఇది లెక్కలోకి రాదు. సెకనుకి 20 వేలసార్లు వేసి తీస్తే వేలు పెట్టలేనంత కాలుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. స్విచ్చును లోడుకి పైన, అంటే ప్లస్ వైపు పెడితే, ఎన్-ఛానెల్ మాస్‌ఫెట్ గేటుకి దాని సోర్స్ (కరెంటు బయటికి వచ్చే కాలు) కంటే సుమారు 10 వోల్టులు ఎక్కువ ఇవ్వాలి. స్విచ్చు ఆన్ అయ్యాక సోర్స్ కూడా బ్యాటరీ వోల్టేజి దాకా లేస్తుంది. అప్పుడు 12 వోల్టుల బండిలో గేటుకి 22 వోల్టులు కావాలి. నీ పిన్ ఇచ్చేది 5 లేదా 3.3. డ్రైవర్ చిప్ పక్కన ఒక బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ పెట్టుకుని ఆ అదనపు వోల్టేజిని పుట్టిస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ చివరి సంవత్సరం. ప్రాజెక్టుకి నాలుగు పాత పెట్రోలు ఇంజెక్టర్లు కొన్నాను. ఎంసీ33816 అనే గేట్ డ్రైవర్ చిప్ ఉన్న బోర్డు మా సీనియర్ ఇచ్చాడు. అందులో నాలుగు కోర్లున్నాయి. ప్రోగ్రాం రాశాను. మూడు సమస్యలు. ఒకటి, నిన్న ఒక ఇంజెక్టర్ కాయిల్ నుంచి పొగ వచ్చింది. రెండు, ఒక్కొక్కటిగా నడిపితే అన్నీ బాగుంటాయి, రెండు ఇంజెక్టర్లు కలిసి నడిస్తే ఒకటి మధ్యలో ఆగిపోతుంది. మూడు, పెద్ద పల్సులిస్తే బూస్ట్ 65 వోల్టులు నిలబడుతుంది, చిన్న పల్సులిస్తే రెండు మూడింటికే 12కి పడిపోతుంది. వచ్చే నెల వైవా. చాలా టెన్షన్‌గా ఉంది. కోడ్, నా నోటుబుక్కు పేజీలు జత చేస్తున్నాను.
– బీటెక్ విద్యార్థి, గుణుపురం

జవాబు: తమ్ముడూ, నీ కోడ్ మొత్తం రెండుసార్లు చదివాను. బాగా రాశావు, పేర్లు చక్కగా పెట్టావు. మూడు సమస్యలూ దొరికాయి. వేరే పాఠకులకి అర్థం కావాలి కాబట్టి చిప్ సంగతి ముందు చెప్తాను. ఇంజెక్టర్ అంటే కాయిల్‌కి కరెంటిస్తే లోపలి సూది లేచి ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే వాల్వు.

ఇది ఫ్రీస్కేల్ తయారుచేసిన చిప్. 2015లో ఆ కంపెనీ ఎన్ఎక్స్‌పీలో కలిసింది. బయట పెట్టే మాస్‌ఫెట్లకి ఐదు హై సైడ్ (లోడుకి ప్లస్ వైపు), ఏడు లో సైడ్ (మైనస్ వైపు) గేట్ డ్రైవర్లు ఇందులో ఉంటాయి. లోపల రెండు ఛానెళ్ళు, ఒక్కో ఛానెల్‌లో రెండు చిన్న కోర్లు, అంటే సొంతంగా ప్రోగ్రాం నడిపే బుల్లి ప్రాసెసర్లు. ఒక ఛానెల్‌లోని రెండు కోర్లూ ఒకే ప్రోగ్రాం మెమరీని, ఒకే డేటా మెమరీని పంచుకుంటాయి. అవి ర్యామ్ కాబట్టి కరెంటు తీసేస్తే ప్రోగ్రాం పోతుంది. ప్రతిసారీ మైక్రోకంట్రోలర్ ఎస్‌పీఐ అనే డేటా వైర్ల మీద మళ్ళీ ఎక్కించాలి. నీ బోర్డు రోజూ పొద్దున్న "చచ్చిపోయినట్టు" ఉండడానికి కారణం అదే, అది లోపం కాదు.

నాలుగు కోర్లు ఎందుకంటే నాలుగు పనులు ఒకదాని కోసం ఒకటి ఆగకూడదు. మామూలుగా ఒక కోరు ఒక ఇంజెక్టర్ల జతని, రెండోది ఇంకో జతని, మూడోది బూస్ట్ వోల్టేజిని (బ్యాటరీ 12ని పెంచి కెపాసిటర్‌లో దాచే 65ని), నాలుగోది ఇంధన పంపు వాల్వునీ చూసుకుంటాయి. మైక్రోకంట్రోలర్ చేసేది ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో చెప్పే స్టార్ట్ పిన్‌ని పైకి లేపడం, దించడం. మధ్యలో మైక్రోసెకన్ల పని అంతా కోర్లదే.

ఆ పని ఏమిటో లెక్కతో చూడు. నీ కాయిల్ ఇండక్టెన్స్ 150 మైక్రోహెన్రీలని కొలిచి రాశావు. రెసిస్టెన్సు పక్కన పెడితే, 12 వోల్టులతో 10 ఆంపియర్లకి చేరడానికి 125 మైక్రోసెకన్లు పడుతుంది. 65 వోల్టులతో అయితే 23 మైక్రోసెకన్లు చాలు. సూది గబుక్కున లేవడానికే బూస్ట్. లేచాక దాన్ని పట్టి ఉంచడానికి 3 ఆంపియర్లు చాలు. కాయిల్ రెసిస్టెన్సు 1 ఓమ్ అనుకుంటే 10 ఆంపియర్ల దగ్గర 100 వాట్ల వేడి, 3 దగ్గర 9 వాట్లు. అందుకే దశలు: ఎక్కువ వోల్టేజితో కరెంటు ఎక్కించే బూస్ట్, ఆ ఎక్కువ కరెంటును కాసేపు నిలిపే పీక్, దాన్ని దిగనిచ్చే బైపాస్, తక్కువ కరెంటుతో పట్టి ఉంచే హోల్డ్.

ఇప్పుడు పొగ సంగతి. నీ కోడ్‌లో బూస్ట్ దశ 40 మైక్రోసెకన్ల టైమరు అయిపోతే ముగుస్తోంది. కరెంటు ఎంతకు చేరిందో నువ్వు అడగలేదు. 65 వోల్టులు నిండుగా ఉన్న రోజు ఆ 40 మైక్రోసెకన్లలో కరెంటు 17 ఆంపియర్లకి పోతుంది. బూస్ట్ పడిపోయిన రోజు 4 కూడా రాదు. నీ నోటుబుక్కులో "ఒక్కోసారి ఇంజెక్టర్ తెరుచుకోవట్లేదు" అని రాసుకున్నావే, అది కూడా దీని వల్లే. చిప్‌లో షంట్ రెసిస్టర్ (కరెంటు కొలవడానికి దాని దారిలో పెట్టేది) మీది వోల్టేజిని పెద్దది చేసి, నువ్వు పెట్టిన హద్దుతో పోల్చే సర్క్యూట్ ఉంది. హద్దు పెట్టడానికి 8 బిట్ల డాక్ (అంకెను వోల్టేజిగా మార్చే సర్క్యూట్) ఉంది. దాన్ని వాడు. నీ 10 మిల్లీఓమ్‌ల షంట్ మీద 10 ఆంపియర్లకి 100 మిల్లీవోల్టులు వస్తాయి. హద్దు తగలగానే దశ మారాలి. టైమరు పక్కన కాపలాగా మాత్రమే ఉండాలి: ఇంత సేపటికీ హద్దు తగలకపోతే ఎక్కడో వైరు ఊడింది, ఆపేసి ఫాల్ట్ చూపించు, అని.

అయినా ఒక్క బూస్ట్‌తో కాయిల్ కాలదు. అసలు దోషం హోల్డ్ దశలో ఉంది. నీ హోల్డ్ నుంచి బయటికి ఒకే దారి: స్టార్ట్ పిన్ కిందికి దిగడం. పొగ వచ్చినప్పుడు నువ్వేం చేస్తున్నావో ఉత్తరంలో రాయలేదు కానీ నేను ఊహించగలను. మైక్రోకంట్రోలర్ ప్రోగ్రాంని బ్రేక్‌పాయింట్ దగ్గర, అంటే ముందే గుర్తు పెట్టుకున్న లైను దగ్గర, ఆపి చూస్తూ ఉంటావు. అది ఆగిన క్షణంలో స్టార్ట్ పిన్ పైనే ఉంటే, ఎంతసేపు ఆపితే అంతసేపూ పైనే ఉంటుంది. డ్రైవర్ చిప్‌లో కోరు మాత్రం ఆగదు. అది నమ్మకంగా 3 ఆంపియర్లు పట్టుకునే ఉంటుంది. బండిలో అయితే ఇంజెక్టర్ లోంచి పెట్రోలు పారుతూ చల్లబరుస్తుంది. నీ టేబుల్ మీద అది పొడిగా ఉంది.

ఇంత కచ్చితంగా ఎందుకు చెప్తున్నానంటే నాకూ సరిగ్గా ఇదే జరిగింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. బ్రేక్‌పాయింట్ పెట్టి భోజనానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ల్యాబ్ గది నిండా కాలిన ప్లాస్టిక్ వాసన, ఇంజెక్టర్ కనెక్టరు కరిగి వంగిపోయి ఉంది. ఆ ఒక్క నమూనా కోసం వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళు మూడు రోజులు ఆగాల్సి వచ్చింది. వాళ్ళ ముందు నిలబడ్డప్పుడు ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. ఆ సాయంత్రమే హోల్డ్ దశకి 10 మిల్లీసెకన్ల టైమరు పెట్టాను. అప్పటి నుంచి ఏ దశ రాసినా, లోపలికి దారి రాసే ముందు బయటికి దారులు రాస్తాను.

ఈ చిప్‌లో అది తేలిక. కోరులో వెయిట్ టేబుల్ అని ఐదు వరుసల పట్టిక ఉంటుంది. ఒక్కో వరుసలో "ఇది జరిగితే ఇక్కడికి వెళ్ళు" అని రాసిపెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఒక్క వెయిట్ ఆదేశం, ఏ వరుసల కోసం కాచుకోవాలో చెప్తూ. నీ హోల్డ్‌కి ఇలా పెట్టు: స్టార్ట్ దిగితే ముగింపుకి, కరెంటు హద్దు దాటితే హోల్డ్ ఆఫ్‌కి, ఆఫ్ టైమరు అయిపోతే హోల్డ్ ఆన్‌కి, మొత్తం టైమరు అయిపోతే ముగింపుకి. నువ్వు ఐదు వరుసల్లో రెండే వాడావు. దానితోపాటు డ్రైవ్ ఎనేబుల్ పిన్ కూడా ఉంది కదా. దాన్ని మైక్రోకంట్రోలర్‌కి శాశ్వతంగా కట్టేయకు, మధ్యలో చేతికందే స్విచ్చు ఒకటి పెట్టు. అది దించితే కోర్లు ఏమనుకున్నా డ్రైవర్లన్నీ ఆఫ్.

రెండో సమస్యకి వస్తాను. ఏ కోరు ఏ అవుట్‌పుట్‌ని ముట్టుకోవచ్చో చెప్పే రిజిస్టర్లు ఉన్నాయి. నువ్వు "పనికొస్తుందేమో" అని కామెంటు రాసి, మొదటి ఛానెల్‌లోని రెండు కోర్లకీ అన్ని హై సైడ్‌ల మీదా అధికారం ఇచ్చేశావు. నీ నాలుగు ఇంజెక్టర్లలో రెండేసి ఒక హై సైడ్ స్విచ్చును పంచుకుంటాయి. ఒకటో ఇంజెక్టర్‌ని ఒక కోరు, రెండోదాన్ని ఇంకో కోరు నడుపుతుంటే, మొదటి కోరు తన పని ముగించి హై సైడ్ ఆపేస్తుంది. అప్పటికి రెండో ఇంజెక్టర్ ఇంకా పీక్‌లో ఉంటుంది. పాపం దాని కరెంటు పోయినట్టే. రెండో కోరులో వెతికితే నీకు తప్పు కనపడకపోవడంలో ఆశ్చర్యం లేదు, తప్పు అక్కడ లేదు.

ప్రతి అవుట్‌పుట్‌కీ ఒక్క కోరే యజమాని. అనవసరమైన బిట్లన్నీ సున్నా చెయ్యి. ఇక ఒక హై సైడ్ మీద ఉన్న రెండు ఇంజెక్టర్లనీ ఒకే కోరుకి ఇవ్వు. ఏ స్టార్ట్ పిన్ లేచిందో చూసి అది తగిన లో సైడ్‌ని ఎంచుకుంటుంది. ఒకేసారి తెరుచుకోవాల్సిన రెండు ఇంజెక్టర్లు ఎప్పుడూ ఒక జతలో ఉండకూడదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఫైరింగ్ ఆర్డర్ సాధారణంగా 1-3-4-2. అందుకే 1, 4 ఒక జత. 2, 3 ఇంకో జత. జతలోని రెండింటి మధ్య క్రాంకు పూర్తిగా ఒక చుట్టు తిరిగేంత ఎడం ఉంటుంది. నువ్వు 1, 2 ఒక జత, 3, 4 ఒక జత కట్టావు. ఆ వైర్లు మార్చాల్సిందే, కోడ్‌తో సర్దుకోదు.

మూడోది నాకు బాగా నచ్చిన తప్పు, ఎందుకంటే అది రెండు కోర్ల మధ్య దాక్కుంది. బూస్ట్ దశలోకి వెళ్ళేటప్పుడు నీ ఇంజెక్టర్ కోరు ఒక ఫ్లాగును, అంటే కోర్లు ఒకదానికొకటి ఇచ్చుకునే సంకేతాన్ని, దించుతోంది. బూస్ట్ చూసుకునే కోరు ఆ ఫ్లాగు చూసి చార్జింగ్ ఆపి కూర్చుంటుంది. అలా ఆపడం సరైన పద్ధతే. పీక్ దశ మొదట్లో నువ్వు ఫ్లాగును మళ్ళీ లేపుతున్నావు. అదీ సరే. కానీ చిన్న పల్సు ఇచ్చినప్పుడు ఏమవుతుంది? బూస్ట్ ఇంకా నడుస్తుండగానే స్టార్ట్ దిగిపోతుంది. కోరు పీక్‌కి పోకుండా నేరుగా ముగింపుకి దూకుతుంది. ముగింపులో ఫ్లాగు లేపే లైను లేదు. కాబట్టి బూస్ట్ కోరు అలాగే కూర్చుని ఉంటుంది. ఉన్న చార్జి రెండు మూడు పల్సులకి కరిగిపోయి, ఆ తర్వాత కెపాసిటర్ మీద డయోడ్ గుండా వచ్చే బ్యాటరీ వోల్టేజి మాత్రమే మిగులుతుంది. నువ్వు చూసిన 12 అదే. ముగింపు దశ మొదటి లైనుగా ఫ్లాగు లేపే ఆదేశం రాయి. పెద్ద పల్సుల్లో అది ఇంతకు ముందే లేచి ఉంటుంది, మళ్ళీ లేపినా నష్టం లేదు.

కరెంటు హద్దులు, టైమర్ల విలువలు కోడ్‌లో అంకెలుగా కూర్చకు. డేటా మెమరీలో 64 గళ్ళున్నాయి, అక్కడ పెట్టి పేరుతో పిలువు. అప్పుడు వైవాలో ఎవరైనా "హోల్డ్ 2 ఆంపియర్లు చేసి చూపించు" అంటే ఎస్‌పీఐ మీద ఒక విలువ మార్చితే చాలు.

ఆదివారం గుణుపురం నుంచి రైలెక్కి బోర్డు పట్టుకుని మా షాపుకి రా. నా దగ్గర ఆసిలోస్కోపు ఉంది, కరెంటు ప్రోబు ఉంది. నాలుగు దశలూ తెర మీద చూద్దాం. బయలుదేరే ముందు ఒక్క పని మర్చిపోకు. నీ బూస్ట్ కెపాసిటర్ 470 మైక్రోఫారడ్లు, 65 వోల్టుల దగ్గర అందులో దాదాపు 1 జూల్ ఉంటుంది. స్క్రూడ్రైవరుతో షార్టు చేయకు, నిప్పురవ్వ ఎగిరి ప్యాడ్లు కాలతాయి. 1 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టరు ఐదు సెకన్లు ఆనించి, మీటరుతో సున్నా చూసుకుని అప్పుడు సంచిలో పెట్టు.

ప్రశ్న: అమ్మా, మాది జయపురం. రైస్‌మిల్లులో 30 ఏళ్ళ నుంచి ఫిట్టర్‌ని. నల్ల గింజని కెమెరాతో చూసి గాలితో ఊదేసే కలర్ సార్టర్ మిషన్లో, ఆ గాలి కొట్టే వాల్వులకి సప్లై 24 వోల్టులు. మిషన్ నడుస్తుండగా వాల్వ్ దగ్గర మీటరు పెడితే 2, 3 వోల్టులే చూపిస్తోంది. బోర్డు పోయిందని ఓనరు గారు ఒకటి తరవాత ఒకటి రెండు బోర్డులు కొన్నారు. అయినా మీటరు అదే చూపిస్తోంది, నల్ల గింజ బియ్యంలో వస్తూనే ఉంది. పని నాకు రాదనుకుంటున్నారు.
– మిల్లు ఫిట్టర్, జయపురం

జవాబు: బాబాయ్ గారూ, మీ పనిలో తప్పు లేదు, మీ మీటరులోనూ తప్పు లేదు. బోర్డులు కూడా బాగానే ఉండి ఉంటాయి.

పై ఉత్తరంలో ఇంజెక్టర్‌కి చెప్పినదే మీ వాల్వులకీ వర్తిస్తుంది. వాల్వుకి 24 వోల్టులు ఎప్పుడూ ఉండవు. గింజ కనపడినప్పుడు రెండు మూడు మిల్లీసెకన్లు మాత్రం ఇస్తారు. 20 మిల్లీసెకన్లకి ఒకసారి 2 మిల్లీసెకన్ల పాటు 24 వోల్టులిస్తే, డీసీ మీటరు వాటన్నిటినీ కలిపి సగటు చూపిస్తుంది: 2.4 వోల్టులు. నిజం చూడాలంటే ఆసిలోస్కోపు కావాలి.

అది లేకుండానే చాలావరకు కనిపెట్టవచ్చు. నల్ల గింజ అన్ని గాడుల (గింజలు జారే దారుల) నుంచీ వస్తోందా, ఒకటి రెండిటి నుంచేనా? ఒక చోటి నుంచే అయితే మిషన్ ఆపి, ఆ వాల్వ్ కనెక్టరునీ పక్క వాల్వ్ కనెక్టరునీ ఒకదానికొకటి మార్చండి. మార్చిన సంగతి గుర్తుండేలా టేపు చుట్టండి, పరీక్ష అయ్యాక తిరిగి పెట్టాలి కదా. ఆ వాల్వు ఇప్పుడు పక్క కనెక్టరుతో కూడా పని చేయకపోతే వాల్వుదే లోపం. ఆ వాల్వు బాగై, పక్క వాల్వు మొరాయిస్తే బోర్డుదో వైరుదో. సప్లై తీసేశాక అన్ని కాయిళ్ళ ఓమ్‌లూ కొలిచి ఒక కాగితం మీద వరుసగా రాయండి. మిగతావాటికి దూరంగా ఉన్నది కంటికి కనపడుతుంది.

అన్ని గాడుల నుంచీ వస్తుంటే మాత్రం గాలి చూడండి. కంప్రెసర్ దగ్గర గేజి కాదు, మిషన్ దగ్గర గేజి, అదీ మిషన్ నడుస్తున్నప్పుడు. వానాకాలం కాబట్టి ఫిల్టరు గిన్నెలో నీళ్ళు పట్టి ఉంటాయి. తవుడు ధూళి ఆ తడికి ముద్దై వాల్వ్ లోపల పట్టుకుంటే వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఆలస్యం ఎంత నష్టమో చూడండి: గింజ సెకనుకి 3 మీటర్ల వేగంతో పడుతుందనుకుంటే 1 మిల్లీసెకనుకి 3 మిల్లీమీటర్లు జారిపోతుంది. బియ్యపు గింజ పొడవు 6 మిల్లీమీటర్లు అనుకుందాం. వాల్వ్ 2 మిల్లీసెకన్లు ఆలస్యమైతే నల్ల గింజ పూర్తిగా దాటిపోయి, గాలి దాని వెనక మంచి గింజని కొడుతుంది. రిజెక్టు డబ్బాలో మంచి బియ్యం ఎక్కువగా కనపడుతోందా అనేది మీరు రాయలేదు. కనపడుతుంటే నా అనుమానం ఇదే.

కెమెరా ముందు అద్దం కూడా తుడిపించండి. మూడో బోర్డు కొనవద్దని ఓనరు గారికి నా మాటగా చెప్పండి. తీసేసిన మొదటి బోర్డు పారేయించకుండా ఉంచండి. గాలి, వాల్వులు సరిచేశాక దాన్నే మళ్ళీ బిగించి, ఓనరు గారిని పక్కన నిలబెట్టుకుని ఒక షిఫ్టు నడిపించండి.